గ్రాఫులో లేని దర్జీ

సాయంత్రం సమావేశంలో జరగాల్సిన పనులు: కొత్త మందు పరీక్ష నివేదిక మీద సంతకాలు, రోగులందరికీ మోతాదు రెట్టింపు చేసే ఉత్తర్వు, గ్రాఫులు గీసే అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేయడం.

ఈ మూడూ చెప్పింది ఆ అమ్మాయే, డిటెక్టివ్ ఎదుట కుర్చీ అంచున కూర్చుని. ఆయన్ని అందరూ నిదానంగారనేవారు. సహాయకుడు ఆయన తోడల్లుడే.

ఆ మందు వాడుతూ పెద్ద డాక్టరు దగ్గర చూపించుకుంటున్న ఒక దర్జీ ఆమెకు కాలేయం పరీక్షలో అంకె విపరీతంగా పెరిగింది. గ్రాఫులో మాత్రం ఆమె చుక్క లేదు.

"నేనే తుడిచేశానంటున్నారండీ. తుడవలేదు. కానీ అది ఎటుపోయిందో నాకూ తెలీడం లేదు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే," అంది.

తోడల్లుణ్ణి తీసుకుని నిదానంగారు అమ్మాయితో ఆమె ఆఫీసుకు వెళ్ళారు. పెద్ద డాక్టరు కోపంగా ఉన్నాడు. తనకు తెలిసింది తన రోగి సంగతి ఒక్కటేనన్నాడు. అమ్మాయి పైఅధికారి అయిన విభాగాధిపతి మర్యాదగా టీ తెప్పించాడు. గ్రాఫులన్నీ ఒకే ఎత్తులో ఉండాలని తానే ఉమ్మడి సెట్టింగులు రాశాననీ, ప్రోగ్రాం తెరవగానే ప్రతి కంప్యూటర్లోనూ అవే వస్తాయనీ చెప్పాడు.

"చిన్నపిల్ల, భయపడి ఉంటుంది. ఆ ముగ్గురు రోగుల్నీ గ్రాఫులోంచి ఎందుకు తీసేసిందో మెల్లగా అడగండి," అన్నాడు.

నిదానంగారు అమ్మాయి చేత డేటా తెరిపించారు. దర్జీ ఆమె వరస చెక్కుచెదరలేదు. గ్రాఫు పై హద్దు రెండు వందలు. అది దాటినవాళ్ళెందరో చూడమంటే వెతికి, ఇంకో ఇద్దరున్నారని తెల్లబోయింది. గ్రాఫు గీస్తే ఆ ముగ్గురిలో ఒక్కరూ రాలేదు.

"చట్రానికి పైన ఉండిపోయారేమో అన్నగారూ," అన్నాడు తోడల్లుడు. "కిటికీ చిన్నదైతే చందమామ కనబడనట్టు."

"అలాగైతే సగటు గీతైనా అటువైపు లేవాలి కదా. చూడు, చాప పరిచినట్టు పడుకుంది."

ఉమ్మడి సెట్టింగులు ఆపి మళ్ళీ గీయమన్నారు. అమ్మాయి గీసింది. గీత నిటారుగా లేచింది. దాని పైన మూడు చుక్కలు.

సంతకాల బల్ల చుట్టూ అందరూ కూర్చున్నాక నిదానంగారు చెప్పారు.

"గ్రాఫు పక్కన అంకెలుండే నిలువు గీతకు, అంటే యాక్సిస్‌కు హద్దు రెండు రకాలుగా పెట్టొచ్చు. ఒకటి చూపు కుదించడం, లెక్క మారదు. రెండోది హద్దు దాటిన అంకెల్ని లెక్కలోంచే వదిలేయడం. ఇక్కడ జరిగింది రెండోది. వదిలేశానని ప్రోగ్రాం హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక నోరూ నొక్కేశారు. డేటా ముట్టుకోలేదు కాబట్టి నింద గీసినవాళ్ళ మీదికే పోతుంది."

"ఎత్తు కోసం పెట్టానండీ. పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి," అన్నాడు విభాగాధిపతి.

"డాక్టరుగారికి తెలిసింది ఒక్కరు. అమ్మాయికి మిగతా ఇద్దరి సంగతి ఇందాక నా కళ్ళెదుటే తెలిసింది. అంతకుముందే ముగ్గురని మీకెలా తెలుసు?"

విభాగాధిపతి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మందు బాగా పనిచేస్తోందని పైవాళ్ళకు ముందే మాటిచ్చేశాననీ, అందుకే ఆ ముగ్గురినీ దాచాననీ చివరికి ఒప్పుకున్నాడు.

ఉత్తర్వు మీద సంతకం పడలేదు. అమ్మాయి ఉద్యోగం నిలిచింది. మందు ఆపాక ఆ ముగ్గురిలో ఇద్దరు తేరుకున్నారు. దర్జీ ఆమెకు మాత్రం అప్పటికే ఆలస్యమైపోయింది. కాజాలు కుట్టాల్సిన చొక్కాలు ఆమె మిషను పక్కనే ఉండిపోయాయి. సరిదిద్దిన గ్రాఫులో అన్నిటికన్నా పైనున్న చుక్క ఆమెది. ఇది చదివినవారు ఆమెను ఒక్కసారి తలచుకోండి.