గుడ్డలు చుట్టిన గంట

యానాం వైపు ఎవరో వదిలించుకున్న పాత లాంచీని రామతులసి గారు కొని, పైన కుర్చీలు వేయించి, రంగులు కొట్టించి, పట్టిసీమ చూడవచ్చే జనం కోసం తిప్పుతున్నారు. అంతా బాగానే ఉంది గానీ, సాయంత్రం నిండుగా ఉన్న బ్యాటరీ తెల్లారేసరికి చచ్చి ఊరుకునేది. కొత్తది వేసినా అంతే.

"రేపు వనభోజనాల వాళ్ళు ఎక్కుతారు ప్రసాద్ గారూ. పసిపిల్లలూ, ముసలివాళ్ళూను. ఏటి మధ్యలో ఇంజను ఆగి, మళ్ళీ స్టార్టవకపోతే నా గతేంటండి?" అందావిడ ఫోన్లో.

సత్యప్రసాద్‌కి రాజమండ్రిలో బోట్ల వైరింగు పని. పొద్దువాలే వేళకి వంతెన దాటి కొవ్వూరు రేవుకొచ్చాడు. లాంచీ నడిపే సరంగు అప్పారావు ఒక్కడే ఉన్నాడు. ఇద్దరూ ఎక్కాక, కుక్కలు రాకుండా ఒడ్డుకి వేసిన బల్లని అప్పారావు లోపలికి లాగేశాడు.

ప్రసాద్ బ్యాటరీ తీగ విప్పి, మధ్యలో చిన్న బల్బు తగిలించాడు. స్విచ్చులన్నీ ఆపేసే ఉన్నాయి. కరెంటు ఎటూ పోకపోతే బల్బు వెలగకూడదు.

వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగి ఆరింది. కాసేపు ఊరుకుంది.

లైట్లు, ఫ్యాన్లు, మైకు, హారను... ఒక్కో ఫ్యూజే పీకుతూ వచ్చాడు. అన్నీ పీకేసినా బల్బు అలాగే, రెండుసార్లు వెలిగి ఆగుతోంది.

"లూజు కాంటాక్టేమో?" అన్నాడు అప్పారావు.

"లూజు కాంటాక్టయితే పిచ్చిపిచ్చిగా కొట్టుకుంటుంది బాబాయ్. ఇది ఆగి... వింటున్నట్టుంది."

స్విచ్ బోర్డు వెనక ఒక పాత తీగ కనబడింది. ఫ్యూజు లేకుండా సరాసరి బ్యాటరీకే తగిలించి ఉంది. బల్బు తీసేసి, బ్యాటరీ తీగ మళ్ళీ బిగించి, ఆ పాత తీగ పట్టుకుని నిచ్చెన దిగాడు. వెనకే అప్పారావు టార్చి పట్టుకున్నాడు.

కింద డీజిలు వాసన. నానిన కొబ్బరిపీచు వాసన. చీకట్లో ఎక్కడో, గుప్పిట్లో కందిరీగని పట్టి మూసినట్టు చిన్న రొద. జుర్ర్... జుర్ర్...

దూలానికి ఒక గుడ్డల మూట కట్టి ఉంది. రొద అందులోంచే. పైన తువ్వాలు, దానికింద ఖాకీ చొక్కా చెయ్యి, ఆ లోపల చీర ముక్క. ఒక్కో గుడ్డకీ ఒక్కో రకం ముడి.

"విప్పకు బాబూ," అన్నాడు అప్పారావు మెల్లిగా. "ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఇన్నిసార్లు చుట్టారంటే, ఊరికే చుట్టరు."

ప్రసాద్ విప్పాడు. లోపల ఇత్తడి గంట, కరెంటుతో మోగేది. ఎక్కడో దాని బటను ఇరుక్కుపోయి ఉంటుందనుకున్నాడు. తీగ వెనకవైపు చిన్న గదిలోకి పోయింది. లైఫ్ జాకెట్లు పడేసే గది. బయటి గడియ తీసి తలుపు నెట్టాడు.

అంతటా దుమ్ము. గోడకి బాగా కిందుగా, చిన్నపిల్లలకి అందే ఎత్తులో, గుండ్రటి బటను. దాని మీద మాత్రం దుమ్ము లేదు. నున్నగా మెరుస్తోంది.

వాళ్ళు చూస్తుండగానే అది లోపలికి నొక్కుకుంది.

వెనక గంట గణగణమంది. రెండుసార్లు. ఆగింది.

అప్పుడు... పై అంతస్తులో ఏదో లేచి నిలబడింది.

పచక్. పచక్. తడి కాళ్ళు.

"పైన ఎవరు బాబాయ్?"

"ఎవరూ లేరు. బల్ల లాగేశాను కదా..."

అడుగులు నిచ్చెన దాకా వచ్చి ఆగాయి. పై మెట్టు మీంచి నీళ్ళు కారుతున్నాయి. ప్రసాద్ కటింగు ప్లయరుతో తీగ తెంపేశాడు. గంట మోగలేదు. బటను మాత్రం టక్... టక్... మంటూనే ఉంది, ఎవరో రావడం తెలిసి ఆత్రపడుతున్నట్టు.

మెట్టు కిర్రుమంది. ఇంకో మెట్టు...

పక్క కిటికీలోంచి ఇద్దరూ నీళ్ళలోకి దూకేశారు. ఆ గది తలుపు తీసింది తీసినట్టే ఉండిపోయింది.

పొద్దున్నే ప్రసాద్ మళ్ళీ వచ్చాడు. రాకుండా ఉండలేకపోయాడు. ఇంజను ఒక్క దెబ్బకి అందుకుంది. బ్యాటరీ నిండుగా ఉంది.

రామతులసి గారి మొహం వెలిగిపోతోంది. "ఏం చేశారో గానీ, గట్టెక్కించారండి. ఒక్కటే, ఆ జాకెట్ల గది తలుపు రావట్లేదు. కాస్త చూద్దురూ."

ఒడ్డున జనం బుట్టలూ, గిన్నెలూ దింపుకుంటున్నారు. ప్రసాద్ కిందికి దిగాడు. తలుపు ముందు అప్పారావు కూర్చుని ఉన్నాడు.

"బయట గడియ తీసే ఉంది," అన్నాడు గొంతు తగ్గించి. "లోపల గడియే లేదు. అయినా కదలట్లేదు."

ప్రసాద్ తలుపుకి చెవి ఆనించాడు.

చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, నెమ్మదిగా, తడి అరచేత్తో... లోపల ఎవరో ఎవర్నో జోకొడుతున్నారు.