గట్టు మీది సాలెపురుగు

మా చిక్కుడు తోట గట్టు మీద ఒకమ్మాయి బోర్లా పడుకుని ఉంది. చేతిలో ఏదో నల్లటి యంత్రం.

సాతంరాయిలో పొలం గట్టు మీద కొత్తవాళ్లు యంత్రంతో కనిపిస్తే దానికి ఒకటే అర్థం, కొలతలకొచ్చారని. ఎయిర్‌పోర్టు వచ్చిన దగ్గర్నుంచి మా బాపు సత్తయ్య రోజూ ఎవరో ఒకరికి 'అమ్మం, పోండ్రి' అని చెబుతూనే ఉన్నాడు. ఇక ఆ పని నేను అందుకోవాలనుకుని గట్టిగా గొంతెత్తాను.

"ఏయ్! ఎవరమ్మా నువ్వు? గీడ కొలిచేది లేదు, అమ్మేది లేదు. లే!"

ఆమె తల కూడా తిప్పలేదు. చూపుడు వేలు ఒకటి పైకి లేపింది.

"ష్! కదలకండి. గాలి వస్తోంది."

"గాలి నేను తెచ్చిన్నా?"

"మీరు అరుస్తుంటే వస్తోంది."

నేను నోరు మూసుకున్నాను. మా అమ్మ తప్ప నా నోరు మూయించిన మనిషిని అంతవరకూ చూడలేదు. క్లిక్‌మని చప్పుడైంది. ఆమె లేచి నిలబడింది. మోచేతుల నిండా ఎర్రమట్టి, జడలో ఒక గడ్డిపోచ, ముఖంలో పరీక్ష పాసైనంత సంతోషం.

"సారీ అండీ. సాలెపురుగు" అంటూ కెమెరా నా ముందుకు చాపింది.

చూశాను. ఒంటి మీద పసుపు చారలు, రెండేసి చొప్పున జతచేసి పెట్టుకున్న కాళ్లు, గూడు మధ్యలో కుట్టుమిషన్ మీద వేసినట్టు తెల్లటి వంకర దారం. ఇలాంటివాటిని కట్టెతో దులిపేస్తూ పెరిగినవాణ్ణి నేను. వాటికి ముఖం ఉంటుందని ఆ రోజే తెలిసింది.

"గిన్ని కండ్లా దీనికి?"

"ఎనిమిది. ఒక్కటి కూడా సరిగా ఫోకస్‌లోకి రావట్లేదు" అంది దిగులుగా.

పేరు సింధూర. ఎయిర్‌పోర్టులో ఒక విమాన కంపెనీ చెక్-ఇన్ కౌంటర్లో ఉద్యోగం. వాళ్లది భీమవరం వైపు. నాన్నగారు నరసింహమూర్తి బ్యాంకు మేనేజరుగా రిటైరై, శంషాబాద్‌లో ఫ్లాట్ కొనుక్కుని స్థిరపడ్డారట. ఈమె కొత్తగా కెమెరా, చిన్న పురుగుల్ని పెద్దగా చూపించే లెన్సు కొనుక్కుని రాజేంద్రనగర్‌లో ఫోటోగ్రఫీ క్లాసులో చేరింది. అక్కడి సార్ హోంవర్క్ ఇచ్చాడు. ఒకే జీవి, ఒకే చోటు, దాని కథ పూర్తయ్యేదాకా ఫోటోలు తీయాలి.

"ప్రతి ఆదివారం రావచ్చా అండీ?"

"రా. సాలెపురుగునైతే అమ్ముతలేం కదా" అన్నాను.

ఆమె నవ్వింది. నేను ఆదివారం కోసం ఎదురుచూడటం అప్పుడే మొదలైంది.

ఎండెక్కితే గాలి లేస్తుందని తెల్లారగానే వచ్చేది. గాలికి అడ్డంగా గొడుగు పట్టుకోవడం నా పని. పక్కన కూచుని పట్టుకుంటే ఆమె కూడా కనిపిస్తుంది కాబట్టి ఆ పని నాకు బాగా నచ్చింది. కొన్నాళ్లకు కెమెరా నా చేతికి కూడా ఇచ్చింది.

"రింగు తిప్పకండి. మీరే ముందుకూ వెనక్కూ జరగండి. పిసరంత."

"పిసరంత అంటే ఎంత?"

"పిసరంత అంటే పిసరంతే! అంత కాదు బాబూ, అది గజం!"

తీశాను. మొత్తం సాలెపురుగులో కాలు ఒక్కటి స్పష్టంగా వచ్చింది. మిగతాదంతా పొగ.

"కాలు మాత్రం అద్భుతం" అంది సీరియస్‌గా.

"మరి మిగిలింది?"

"ఉందని నమ్మాలి."

ఊపిరి పూర్తిగా వదిలేశాక, మళ్లీ పీల్చేలోపు నొక్కాలట. అప్పుడే చెయ్యి వణకదట. చెప్పడం సులువే. ఆమె తల నా భుజం పక్కన పెట్టి తెర వైపు చూస్తుంటే ఊపిరి నా మాట వింటుందా? నా ఫోటోలన్నీ ఊగిపోయాయి. "మీకు ఆయాసం ఏమైనా ఉందా?" అని అడిగింది పాపం. ఉందన్నాను.

ఒక ఆదివారం వాన పట్టుకుంది. ఒకటే గొడుగు. కెమెరాని చున్నీలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూచుంది. కెమెరా తడవలేదు, ఆమె కొంచెం తడిసింది, నేను పూర్తిగా తడిశాను. ఆమె మాత్రం అక్కడే ఉన్న ఆముదం చెట్టు వైపు చూస్తోంది. ఒక ఆకు అడుగున చింతగింజంత సంచి వేలాడుతోంది. మా సాలెపురుగు గుడ్లు పెట్టి దారంతో కట్టిన మూట అది.

"చిన్నప్పుడు వీణ మొదలుపెట్టి మానేశాను" అంది ఉన్నట్టుండి. "తర్వాత కూచిపూడి. తర్వాత సి.ఏ. ఇప్పుడు నేనేం మొదలుపెట్టినా మా నాన్నగారు 'ఇది ఎన్నాళ్లమ్మా?' అంటారు. కోపంగా అంటే పోట్లాడొచ్చు. నవ్వుతూ అంటారు గోవర్ధన్. అదే నాకు ఏడుపొస్తుంది."

"మరి గిది?"

"ఆ మూటలోంచి పిల్లలు బయటికొచ్చే ఫోటో తీస్తే పూర్తయినట్టు. నా జన్మలో నేను పూర్తి చేసిన మొదటి పని అదే అవుతుంది." ఆ మూట వైపే చూస్తూ, "వచ్చే ఆదివారానికల్లా అవి బయటికొస్తాయని సార్ అన్నారు. అమ్మనీ నాన్నగారినీ తీసుకొస్తాను. ఆయన కళ్లముందే తీస్తాను" అంది.

అదే రోజు, ఆ ఫోటో అయ్యాక, ఆమెను పక్కకు పిలిచి నా మనసులో మాట చెప్పెయ్యాలని నేనూ అనుకున్నాను. వారమంతా చిక్కుళ్లు తెంపుతూ ఆ మాటే సాధన చేశాను.

ఇంట్లో అమ్మ శివమ్మకు సంగతి చెప్పాను. గంటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"పిల్ల అమ్మ నాయిన వస్తున్నరా? మన పొలం కాడికా?"

"సాలెపురుగును సూడనికె వస్తున్నరే."

"నాకు సెప్తున్నవా? సాలెపురుగును సూడనికె ఎవరన్న తల్లిదండ్రిని తోలుకొస్తర్రా?"

మా వైపు సంబంధం అనుకున్నాక పిల్ల తరఫువాళ్లు వచ్చి అబ్బాయి ఇల్లూ జాగా చూసుకుపోతారు. అమ్మ బాపు వైపు చూసింది. బాపు మీసం సవరించుకున్నాడు. వాళ్ల సంబరం చూసి నాకు నవ్వొచ్చింది, లోపల కొంచెం ముద్దుగా కూడా అనిపించింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

పెద్దవాళ్లు కదా, ఆ ఆదివారం కాస్త ఎండెక్కాకే వస్తామంది. నేను చీకటితోనే చిక్కుళ్లు మార్కెట్లో వేసి తిరిగొచ్చాను. బండి దిగి చూశాను.

గట్టు మీద పచ్చగా ఒక్క పరక లేదు. తిరుపతిలో గుండు చేయించుకున్నట్టు నున్నగా మెరుస్తోంది. బాపు కొడవలి పట్టుకుని నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు.

"ఎట్లుంది? రన్‌వే లెక్క లేదా?"

"బాపూ! ఆముదం చెట్టేది?"

"అడ్డమున్నదని కొట్టేసిన. జాగ గట్ల అడివి లెక్క ఉంటే పిల్లనెవరిస్తర్రా?"

నాకు ఏడవాలో అరవాలో తెలీలేదు. అప్పుడే రోడ్డు మీద కారు ఆగింది. సింధూర ముందు నడిచి వస్తోంది. వెనక నరసింహమూర్తిగారు, వాళ్లమ్మ శాంతకుమారిగారు. అమ్మ ఎదురెళ్లి మురిసిపోతూ చెబుతోంది, "రాండ్రి వొదినా! పొద్దుగాల్నుంచి మేమిద్దరం సాఫ్ చేసినం. ఒక్క ముల్లు గుచ్చుకోదు."

సింధూర గట్టు వైపు చూసింది. నా వైపు చూసింది. కళ్లనిండా నీళ్లు.

నరసింహమూర్తిగారు కూతురి భుజం తట్టారు. మంచి మనిషే, నవ్వుతూనే అన్నారు. "పోనీలేమ్మా. ఇంకేదైనా మొదలుపెడుదువుగాని."

అంతే, నాకెక్కడలేని కోపం వచ్చింది.

"సార్, జర ఆగుండ్రి! ఆమె మానలేదు, మా వోళ్లు నరికిండ్రు. మానుడు వేరు, గిది వేరు. వానల తడిసింది, మోచేతులు కొట్టుకపోయినయ్, ఒక్క ఆదివారం తప్పలె. గిసుంటి ఓపిక నేను ఎవ్వరి దగ్గర సూడలె సార్. గందుకే ఆమె అంటే నాకు పానం!"

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలీలేదు. సరిగ్గా అప్పుడే మా నెత్తి మీదుగా ఒక విమానం దిగుతూ పోయింది. దాని మోత తగ్గేదాకా అందరూ తలలెత్తి దాన్నే చూశారు.

సింధూర ముక్కు తుడుచుకుంది. "అంకుల్, కొట్టేసిన కొమ్మలు ఎక్కడ వేశారు?"

బోరు పక్కన కుప్ప ఉంది. అందరం దాని చుట్టూ మోకాళ్ల మీద కూచున్నాం. విషయం అర్థమయ్యాక అమ్మ నెత్తి కొట్టుకుంటూ ఒక్కో ఆకూ తిప్పింది. శాంతకుమారిగారు పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి ముళ్లల్లో చెయ్యి పెట్టారు. కుప్ప సగం అయ్యాక నరసింహమూర్తిగారు కళ్లజోడు పైకి జరిపారు.

"అమ్మడూ, ఇదేనేమో చూడు. కానీ పాడైపోయినట్టుంది. ఆవాలు రాలుతున్నాయి." మళ్లీ వంగి చూశారు. "అయ్యబాబోయ్, ఆవాలు నడుస్తున్నాయే!"

సింధూర ఒక్క గెంతులో అక్కడ వాలింది. మూటకు చిన్న కన్నం పడింది. అందులోంచి కాళ్లున్న ఆవాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ బయటికొస్తున్నాయి. కెమెరా ఎత్తింది. ఇప్పటిదాకా ఏడ్చింది కదా, కెమెరా నిలవడం లేదు.

నేను కుప్ప ముందు బోర్లా పడుకున్నాను. "నా ఈపు మీద మోచేతులు పెట్టు. నేను కదల."

పెట్టింది. అమ్మ, శాంతకుమారిగారు చెరో కొసా పట్టుకుని బాపు తువ్వాలును గాలికి అడ్డం కట్టారు. నరసింహమూర్తిగారికి గొడుగు ఇచ్చాను.

"సార్, పిసరంత ఇటు."

"పిసరంత అంటే ఎంతయ్యా?"

"నాన్నగారూ, అరవకండి, గాలి వస్తుంది!"

బ్యాంకు మేనేజరుగారు నోరు మూసుకున్నారు. ఆమె ఊపిరి నెమ్మదిగా వదలడం నా వీపుకు తెలిసింది. క్లిక్. మళ్లీ ఒకటి. ఆయన వంగి తెర మీద చూశారు. చాలాసేపు చూశారు.

"కళ్లు కూడా వచ్చాయే" అన్నారు. "పూర్తి చేశావమ్మా."

మా అమ్మకు మాత్రం ఇంకా ఒక అనుమానం తీరలేదు. తువ్వాలు కొస వదలకుండానే మెల్లగా అడిగింది. "అయితే మీరు ఇల్లు సూడనికె రాలేదా వొదినా?"

శాంతకుమారిగారు భర్త వైపు చూశారు. ఆయన గొడుగు వైపు చూశారు. నేను ఊపిరి తీసుకోవడం మానేశాను.

సింధూర కెమెరా నుంచి కన్ను తియ్యలేదు. ఇన్నాళ్లూ మా అమ్మను ఆంటీ అని పిలిచిన మనిషి తాపీగా అంది, "ఒక్క ఐదు నిమిషాలు ఆగండి అత్తయ్యా. ఇంకొన్ని పిల్లలున్నాయి. అవి అయ్యాక ఇల్లు కూడా చూసే వెళ్తాం."

నరసింహమూర్తిగారు గొంతు సవరించుకున్నారు. మా బాపు వైపు తిరిగి, "ఇల్లు ఎంత దూరమండీ బావగారూ?" అన్నారు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. అంతలోనే పాలిపోయింది. తువ్వాలు బాపు చేతిలో పెట్టేసి ఇంటివైపు పరుగు అందుకుంది.

"ఓ గోవర్ధనూ! పొద్దుగాల్నుంచి గట్టు మీదనే ఉంటిమి, ఇల్లు ఊడ్వలేదురా! జర మెల్లగ తోలుకరా!"

నవ్వొచ్చింది, కానీ నవ్వితే వీపు కదులుతుంది. బిగబట్టుకుని అలాగే పడుకున్నాను. ఆమె మోచేతులు ఇంకా తియ్యలేదు.