అనుతాపిని

జైళ్లు మూతపడి ఒక తరం గడిచిపోయింది. భీమిలి తీరాన పాత జైలు గోడల మధ్య ఇప్పుడు అనుతాప గృహం నడుస్తోంది. మనిషిని ఏళ్ల తరబడి కూర్చోబెట్టి మేపడం దండగని ప్రభుత్వం ఎప్పుడో తేల్చేసింది. అనుతాపిని అనే మందును పొగమంచులా పీల్పిస్తే చాలు, మెదడులోని రసాయనాలు కదిలి, ఎంత మొండివాడైనా చేసినదానికి కుళ్లి కుళ్లి ఏడుస్తాడు. ఆ పైన అతన్ని బాధితుల ఇంటికి అప్పగిస్తారు. బతికినన్నాళ్లూ అక్కడే చాకిరీ చేస్తాడు. కట్టుకున్నదానికి కూడా మళ్లీ కనిపించడు. సాక్ష్యాలు చాలకపోయినా కోర్టు ఇక్కడికే పంపేది. మందు పడితే నిజం అదే బయటికొస్తుందని ధీమా.

ఆ మందు కనిపెట్టిన డాక్టర్ వకుళకు దానిమీద ఉన్న మమకారం ఇంతా అంతా కాదు. పశ్చాత్తాపం దారి తప్పకుండా, మందు పీలుస్తున్నవాడి చెవిలో నేరమంతా తనే చెప్పేది. చెప్పి చెప్పి అలవాటైపోయి కాగితం చూడడం కూడా మానేసింది.

ఆ ఉదయం నూకరాజు అప్పగింత. తోటి జాలరి కుర్రాణ్ణి పడవలోంచి సముద్రంలోకి తోసేశాడని అతనిమీద అభియోగం. కోర్టులో చివరిదాకా కాదని మొత్తుకున్నాడు, ఆ వేకువన మందు పడ్డాక ఒప్పుకున్నాడు. పోయిన కుర్రాడి తల్లి పైడమ్మ అతన్ని తీసుకుపోవడానికి వచ్చి కూర్చుంది. ఆనవాయితీ ప్రకారం నూకరాజు ఆమె ఎదుట నేరం చెప్పుకోవాలి.

"ఆడు నా ఎర్ర తువ్వాల అట్టుకుని ఏలాడినాడమ్మా. నానే ఆడి సేతేళ్లు ఇడదీసినాను," అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

వకుళ గబుక్కున కేసు కాగితం తీసి చూసింది. ఈ కేసులో ఎర్ర తువ్వాలే లేదు. అది కాకినాడ నుంచి వచ్చిన మరో మనిషి కథ. పొరపాటున దాన్ని ఇతని చెవిలో పోసింది తనే.

పక్క గదిలోకి వెళ్లి, మెదడు రసాయనాలను కొలిచే యంత్రం రసజ్ఞను అడిగింది.

"మందుకు ముందు నూకరాజులో అనుతాపం ఎంత?"

"లేదు. భయం మాత్రం ఉంది."

"మరి తువ్వాలు ఎలా గుర్తొచ్చింది?"

"ఏడుపు మందు ఇచ్చింది, డాక్టర్. కారణం మీరిచ్చారు. తక్కినదంతా అతని మెదడే అల్లుకుంది."

ఏడుస్తాం కాబట్టే దుఃఖం కలుగుతుందని ఒక పాత సిద్ధాంతం ఉంది. వకుళ దాన్ని ఏటా విద్యార్థులకు పాఠం చెప్పేది. తన మందుకు అది వర్తిస్తుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

మందుకు విరుగుడు ఉంది, కానీ పీల్చిన రోజు దాటితే పనిచెయ్యదు. వకుళ సూది పట్టుకుని వచ్చి ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

నూకరాజు చెయ్యి వెనక దాచుకున్నాడు.

"నాను సెయ్యకపోతే మరి ఈ ఏడుపు ఎవులిదమ్మా?"

వకుళ పైడమ్మ వైపు తిరిగింది.

"ఆ సూది లోపలెట్టీమ్మా," అంది పైడమ్మ. "నా కొడుకు పోయినకాడ్నుంచీ నాతో కూకుని ఏడిసినోడు ఈడొక్కడే."

బలవంతంగానైనా పొడవొచ్చు. పొడిస్తే ఇతనితో ఆగదు. ఇంతవరకూ అప్పగించిన ప్రతి మనిషినీ వెనక్కి పిలవాలి, ప్రతివాడి చెవిలో ఏం చెప్పిందో గుర్తు తెచ్చుకోవాలి. వకుళ సూదిని జేబులో పెట్టుకుంది. ఆ ఇద్దరూ చేతులు పట్టుకుని, ఒకే తీరుగా వెక్కుతూ గేటు దాటారు.

ఆమె వెళ్లి రసజ్ఞ ముందు కూర్చుంది.

"నన్ను కొలువు."

యంత్రం కాసేపు గుయ్యిమంది.

"అనుతాపం లేదు, డాక్టర్. ఊరట మాత్రం చాలా ఎక్కువగా ఉంది. ఒక మోతాదు ఇవ్వమంటారా?"



"వద్దు," అంది వకుళ. "తరవాతి మనిషిని పంపించు."