ఒక్క మైకు పాట

పళ్ళ డాక్టరుగారి ఇంట్లో వెనక గది ఒకటుంది. అందులో పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. కిటికీలు మూసేయించి, గోడలకు మందపాటి స్పాంజి పలకలు కొట్టించాడు. తలుపు వేస్తే వీధిలో కుక్క మొరిగినా లోపలికి వినపడదు. గది మధ్యలో, రెండు స్పీకర్లకు ఎదురుగా, ఒకే ఒక్క కుర్చీ. ఇంట్లో ఉండేది ఇద్దరు, అతనూ వాళ్ళక్కా. అయినా రెండో కుర్చీ వెయ్యలేదు మహానుభావుడు. వేస్తే ధ్వని చెడుతుందట.

అక్క మాత్రం పాటలు వంటింట్లో వింటుంది. ఫోను గ్లాసులో నిలబెట్టి, కూరగాయలు తరుగుతూ తనూ గొంతు కలుపుతుంది. శ్రుతి ఎటో పోతుంది. ఆవిడకు పట్టదు.

"గ్లాసులో పాటేంటక్కా, చెవులు పాడైపోతాయి," అంటాడు తమ్ముడు.

"నీ చెవులు బాగానే ఉన్నాయిగా. ఇవాళ ఏం విన్నావు?"

"కొత్త వైరు విన్నాను."

"వైరు విన్నాడట," అని ఆవిడ తనలో తను నవ్వుకుంటుంది.

వాళ్ళమ్మ పాడిన పాట ఒకటి క్యాసెట్టులో ఉంది. పోయిన మనిషి గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు. అతనికి ఐదేళ్ళప్పుడు నాన్న అమ్మను ఒక్క మైకున్న చిన్న టేపు రికార్డరు ముందు కూర్చోబెట్టి పాడించాడు. ఆ క్యాసెట్టు అక్క చేతికివ్వడు. నీ డబ్బా ప్లేయరులో వేస్తే టేపు నలుగుతుందంటాడు. పోనీ ఇంకోదాంట్లోకి ఎక్కించి ఇవ్వరా అంటే, కాపీ చేస్తే గొంతులో జీవం పోతుందంటాడు. అలా పదేళ్ళుగా ఆ పాట అతనొక్కడే వింటున్నాడు. వింటున్నాడో, దాంతో సామాను పరీక్ష చేస్తున్నాడో గాని, ఏ కొత్త పెట్టె ఇంటికొచ్చినా ముందు పెట్టేది ఆ పాటే.

ఆ ఆదివారం మధ్యాహ్నం కొత్త యాంప్లిఫయరు వచ్చింది. అన్నం కూడా సగంలో వదిలేసి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

కొత్త ప్లాస్టిక్కు వేడెక్కుతున్న వాసన. టేపు తిరిగింది. ముందు సన్నని గరగర, ఆ తర్వాత అమ్మ. రెండు స్పీకర్లకూ సరిగ్గా నడిమధ్య, ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టే ఉంది. రెండో చరణంలో ఎవరో చెంచా కింద పెట్టిన చప్పుడు. చివర్లో నాన్న దగ్గు. ఆ చెంచా అంత శుభ్రంగా అంతకుముందెప్పుడూ వినపడలేదు. మురిసిపోయాడు.

దగ్గు అయిపోగానే ఎడమవైపు ఎవరో ఊపిరి పీల్చారు.

పాట ఎత్తుకోబోయే మనిషి పీల్చే ఊపిరి అది. అతను భయపడలేదు, చిరాకుపడ్డాడు. ఒక్క మైకుతో ఎక్కించిన పాటలో కుడి ఎడమలు ఉండవు. వచ్చేదంతా మధ్యలోంచే రావాలి. అంటే తప్పు సామానుది. అదెక్కడుందో పట్టుకోవడం అతనికి కొట్టినపిండి. కుడి వైరు ఎడమకూ, ఎడమ వైరు కుడికీ మార్చాలి. చప్పుడు కుడికి పోతే తప్పు యాంప్లిఫయరుది. కదలకపోతే స్పీకరుది.

మార్చి, పాట మళ్ళీ పెట్టాడు. ఊపిరి కదల్లేదు.

అయితే స్పీకరే అనుకుని, ఎడమ స్పీకరు వైరు మొత్తం పీకేసి, టేపు వెనక్కి తిప్పాడు. మళ్ళీ పెట్టాడు. ఇప్పుడు మోగేది కుడి స్పీకరొక్కటే.

ఊపిరి ఎడమనే ఉంది... ఇందాకటి కన్నా దగ్గరగా...

అప్పుడే ఇంకో సంగతి తోచింది. పాట మొదటి లైను వినపడలేదు. గరగర ఉంది, అమ్మ లేదు.

అక్కడే ఆపేసి ఉంటే ఎంతో కొంత మిగిలేది. కానీ సామాను మీద అనుమానం పుట్టినవాడికి 'ఇంకొక్కసారి' అనే జబ్బుంటుంది. టేపు ఆనే హెడ్డును దూదితో తుడిచి ఇంకొక్కసారి పెట్టాడు. పల్లవి మొత్తం లేదు. ఎడమవైపు ఎవరో కూనిరాగం తీస్తున్నారు. మళ్ళీ పెట్టాడు. మొదటి చరణం పోయింది. కూనిరాగానికి మాటలొచ్చాయి.

మళ్ళీ...

గరగర. చెంచా. దగ్గు.

అంతే.

తల తిప్పడానికి ధైర్యం చాల్లేదు. ఎడమ చెవికి వెచ్చగా గాలి తగిలింది.

"ఇంకోసారి పెట్టు," అంది అమ్మ గొంతు. "మీ నాన్న దగ్గు మిగిలింది..."

తలుపెలా తీశాడో, వంటింటిదాకా ఎలా వచ్చాడో అతనికే తెలియదు. అక్కడ ఎండ పడుతోంది. అక్క బీన్సు తరుగుతోంది.

"అక్కా, అమ్మ పాట పోయింది."

"పోవడమేంట్రా?"

"టేపులో లేదు. చెంచా ఉంది, నాన్న దగ్గుంది. అమ్మ లేదు."

అక్క అతని మొహం చూసి వేళాకోళం మానుకుంది. "పోతే పోనీ. పదేళ్ళు విన్నావుగా, నువ్వు పాడు."

నోరు తెరిచాడు. చెంచా ఏ క్షణంలో పడుతుందో తెలుసు. దగ్గు ఎంతసేపు ఉంటుందో తెలుసు. రాగం రాలేదు. ఒక్క మాట కూడా రాలేదు. అమ్మ పాటను తను ఏనాడూ వినలేదని అప్పుడు తెలిసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"సర్లే, ఊరుకో. నాకు వచ్చుగా," అంది అక్క. ఇక ఆ పాట ఉన్నది ఆవిడ దగ్గరే. కత్తి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

పెదవులు కదిలాయి. గొంతు దగ్గర నరం కదిలింది. అతనికి కుళాయిలోంచి బొట్టు పడటం వినపడింది. ఫ్యాను వినపడింది. వీధిలో సైకిలు బెల్లు వినపడింది. పాట మాత్రం వినపడలేదు.

అక్క ఒక్క క్షణం ఆగి, కళ్ళు తెరవకుండానే నవ్వింది.

"రాదని ఏడ్చావు... ఎంత బాగా గొంతు కలుపుతున్నావురా," అంది.

అతను నోరు మూసుకునే ఉన్నాడు.