బొట్టు లేని లెన్సు

సూర్యాపేటలో చంద్రకళ ఆఫీసు మెట్లెక్కుతూ రవీందర్ రెండుసార్లు వెనక్కి చూసుకున్నాడు. ప్రైవేట్ డిటెక్టివ్ అన్న ఆ బోర్డు కిందికి వచ్చేవాళ్లు పెళ్లి సంబంధాల ఆరా కోసమో, మొగుడి మీద అనుమానంతోనో వస్తారని ఊరంతటికీ తెలుసు. కోదాడలో పేరున్న ఫోటోగ్రాఫర్‌కు ఇక్కడేం పనని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్క మంచి అబద్ధం కూడా అతని దగ్గర లేదు.

చంద్రకళ యాభై దాటిన మనిషి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మొహం కన్నా చేతులే ఎక్కువ చూస్తుంది. పక్కనున్న అసిస్టెంటు రమేష్, ఆమె తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం.

"పెళ్లి మిర్యాలగూడల మేడం," అని రవీందర్ మొదలుపెట్టాడు. "జీలకర్ర బెల్లం ముందట ఆగమాగంల మామూలు లెన్సు తీసి, చూడకుంటనే పెద్దది ఎక్కించిన. దసరాకు కొన్న. దానికి అదే మొదటి పెళ్లి. బటన్ ఒత్తితే ఫోకస్ పట్టది. ముహూర్తం దాటిపోయింది. పడ్డయన్నీ మసక మసక."

"లెన్సు ఎవరిచ్చిండ్రు చేతికి?"

"మల్లేష్. నా దగ్గర వీడియో తీస్తడు, ఏండ్ల సంది. వాడే ఏదో చేసిండు. మిర్యాలగూడల వేరే స్టూడియోవోళ్లు వాన్ని పిలుస్తున్నరు. నాకు రుజువు కావాలె."

"తర్వాత నువ్వేం చేసినవ్?"

రవీందర్ టేబుల్ అంచు గీకాడు. "చెంప మీద కొట్టిన. మండపంలనే, అందరి ముందట. వాన్ని పనికి పిలవొద్దని ఫోటోగ్రాఫర్ల గ్రూపుల గూడ పెట్టిన."

ఆ మెసేజీ తర్వాత కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ మూడింటిలోనూ మల్లేష్‌ను పిలిచిన వాళ్లు లేరు. నిడమనూరులో గొర్ల వెంట తిరుగుతున్నాడని ఎవరో అన్నారు. రుజువు దొరికితే ఆ చెంపదెబ్బ న్యాయం అవుతుంది. దొరక్కపోతే అది ఏమవుతుందో రవీందర్‌కు తెలుసు, అందుకే నిద్ర లేదు. అంతా చెప్పినట్టే చెప్పాడు గానీ ఆ రోజు మండపంలో మల్లేష్ అన్న ఒక్క మాట మాత్రం మింగేశాడు.

మర్నాడు చంద్రకళ, రమేష్ కోదాడ స్టూడియోకు వచ్చారు. రవీందర్ తల్లి పుష్పాబాయి చాయ్ ఇచ్చి గోడవారగా కూర్చుంది. మఠంపల్లి దగ్గరి తండా మనిషి, కొడుకు స్టూడియో పెట్టాక కోదాడ వచ్చి ఉంటోంది.

"మంచిగొచ్చిన ఫోటో ఒకటి, మసకది ఒకటి పక్కపక్కన పెట్టు," అంది చంద్రకళ.

కంప్యూటర్‌లో మంచి ఫోటో వివరాల్లో లెన్సు పేరుంది. మసక ఫోటోలో ఆ చోటు ఖాళీ, లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె దగ్గర సున్నా. లెన్సు మీది మీట మాత్రం ఆటోఫోకస్ వైపే ఉంది.

"అంటే మీట ఎవ్వరూ మార్చలే," అన్నాడు రమేష్.

"అసలు లెన్సు తగిలిందన్న సంగతే కెమెరాకు తెలవలే," అంటూ ఆమె చుట్టూ చూసింది. కెమెరాకు, ఫ్లాషుకు, స్టాండు మూడు కాళ్లకు, కంప్యూటర్ నెత్తికి, ఆఖరికి షట్టరు తాళానికి కూడా ఎండిన పసుపు, దాని మీద కుంకుమ. "దసరా పూజ గట్టిగనే చేసిండ్రే."

"మా యాడి చేస్తది. ఒక్కటి వదలది," అన్నాడు రవీందర్ తల్లి వైపు చూపిస్తూ, కాస్త గర్వంగానే.

"అన్నం పెట్టేటియి గదమ్మా," అంది పుష్పాబాయి. "బొట్టు పెట్టకుంటే ఎట్ల."

చంద్రకళ పెద్ద లెన్సును మూతలతోనే అటూ ఇటూ తిప్పి చూసింది. "పెళ్లి తర్వాత దీన్ని మళ్ల ఎక్కించినవా?"

"లేదు. దాన్ని సూడబుద్ధి కాలే."

"రేపు మల్లేష్ గూడ ఉండాలె. నేనే పిలుస్త."

మర్నాడు పొద్దున అందరూ ఉండగా మల్లేష్ స్టూడియోకు వచ్చాడు గానీ గడప దగ్గరే నిలబడిపోయాడు. కుర్చీ చూపిస్తే వద్దన్నాడు. రవీందర్ అతని మొహంలోకి చూడలేక కెమెరా సంచీ సర్దుతున్నట్టు నటించాడు.

"ఈ గదిల బొట్టు లేని వస్తువు ఒక్కటే ఉన్నది," అంది చంద్రకళ లెన్సు చేతిలోకి తీసుకుని. "స్టాండు కాళ్లను గూడ వదలని తల్లి, అన్నిట్ల కొత్తదాన్ని ఎట్ల వదిలిపెడ్తది? పెట్టే ఉంటది. మనకు కనపడే చోట లేదంతే."

ఆమె వెనక మూత తీసింది. లెన్సు అంచున వరసగా ఉన్న బంగారు రంగు చుక్కల మీద పసుపు ముద్ద ఎండి పెచ్చు కట్టింది. పైన ఎర్రగా కుంకుమ.

"లెన్సు, కెమెరా మాట్లాడుకునేది ఈ చుక్కలతోనే. వాటి నోరు పూడుకపోయింది."

పుష్పాబాయి లేచి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే పెట్టిన బేటా. అద్దం ముట్టొద్దని నువ్వే చెప్తివి. అద్దం ముట్టలే. ఎనక బంగారి సుక్కలుంటే గాడ పెట్టిన. గంతపని అయితదని నాకేం తెలుసు."

రవీందర్‌కు తల కొట్టేసినట్టయింది. తల్లి తన ముందు అట్లా తప్పు చేసినదానిలా నిలబడటం అతను ఎన్నడూ చూడలేదు.

"ఇంకోటున్నది," అంది చంద్రకళ. ఆమె గొంతులో జాలి లేదు. "ఫోకస్ తనకు తాను పట్టకుంటే చేత్తో తిప్పుకోవచ్చు. ఆ మాట మండపంల నీకు ఎవ్వరూ చెప్పలేదా రవీందర్?"

రవీందర్ మింగేసిన మాట అదే. అతను కెమెరా సంచీ జిప్పు లాగాడు.

"చెప్పిన," అన్నాడు మల్లేష్. "'మాన్యువల్‌ల పెట్టు అన్నా' అని చెప్పిన. 'నాకే నేర్పుతవారా' అన్నడు. ముహూర్తం అయినంక కొట్టిండు."

చేత్తో ఫోకస్ పట్టే అలవాటు రవీందర్‌కు తప్పి చాలా కాలమైంది. ఆడలేక మద్దెల ఓడన్నాడు, ఆ మద్దెలను నలుగురిలో కొట్టాడు కూడా.

"లెన్సు మళ్ల విప్పింది నువ్వే కదా మల్లేష్," అంది చంద్రకళ. "పసుపు చూసినవా?"

"చూసిన."

"మరి చెప్పలేదేం?" రమేష్ ఆగలేక అడిగాడు.

"మూత పెట్టి, పక్కకు పిలిచి చెప్దామనుకున్న. అందరి ముందట చెప్తే అమ్మ మీద ఒర్లుతడు. గంతల్నే చెంప మీద పడింది. కొట్టినంక చెప్పబుద్ధి కాలే."

రవీందర్ సిగ్గుతో చితికిపోయాడు. ఇన్ని రోజులూ దొంగ కోసం వెతికాడు, దొరికింది తనే.

"నన్ను మాఫ్ చెయ్యి మల్లేషు," అన్నాడు నేల చూస్తూ.

"కొట్టింది పదిమందిల," అంది చంద్రకళ. "మాఫీ మాత్రం తలుపులేసుకునా?"

మల్లేష్ గడప దగ్గర్నుంచి లోపలికి వచ్చాడు. మెత్తటి గుడ్డతో పసుపును ఓపిగ్గా తుడిచాడు. లెన్సు కెమెరాకు తగిలించి, కంటికి ఆనించి, అలవాటు కొద్దీ ఎదురుగా ఉన్న మనిషి మీద నొక్కాడు. ఫోకస్ దొరికిన చిన్న చప్పుడు అందరికీ వినిపించింది.

రవీందర్ వచ్చి తెర మీద చూశాడు. గడ్డంలో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టంగా తన ఫోటో, తల వంచుకుని. అంత ఖరీదు పెట్టి కొన్న లెన్సు తీసిన మొదటి మంచి ఫోటో అదే.

"తీసెయ్యనా?" అన్నాడు మల్లేష్.

"వద్దు. గ్రూపుల ఇదే పెడ్త." రవీందర్ ఫోటోను ఫోన్‌లోకి తీసుకుని, దాని కింద వంకరగా, తప్పులతోనే టైపు చేశాడు: తప్పు లెన్సుది కాదు, మల్లేష్‌ది కాదు, మా యాడిది అసలే కాదు. చెయ్యెత్తినోడు గీడ ఉన్నడు, సూడుండ్రి.

పంపించాక తలెత్తాడు. "మిర్యాలగూడ పెళ్లోళ్లకు గూడ ముఖాముఖి చెప్పాలె. నా ఎంట వస్తవా? మళ్ల పనికి వస్తవా?"

మల్లేష్ చెంప తడుముకున్నాడు. పుష్పాబాయి అప్పటికే స్టవ్ వెలిగిస్తోంది.

"అమ్మ చాయ్ పెడ్తున్నది, తాగిపోత," అన్నాడు. "పని సంగతి ఇయ్యాల అడగకు."