కాలే బండ మీద కుంటి నడక

"కనిపించగానే మైకులో 'గంట' అను. మిగతాది స్నైపర్ చూసుకుంటాడు," అన్నాడు చీఫ్ రమాకాంత్, జనగామ సేఫ్‌హౌస్‌లో స్క్రీన్ ఆర్పేస్తూ.

ఏజెంట్ హరిలాల్ తలూపాడు. స్క్రీన్ మీద కనిపించిన డబుల్ ఏజెంట్ కవిత అతని చెల్లెలు. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి సర్వీసులోకి తెచ్చిందీ, మారువేషాలు నేర్పిందీ అతనే.

విదేశీ ముఠా ఆమెకు అప్పగించిన టార్గెట్ డ్రోన్ శాస్త్రవేత్త సాకేత్. తల్లి అస్థికలు కలపడానికి కాళేశ్వరం వస్తున్నాడు.

"రావద్దని చెప్పలేరా సార్?"

"చెప్పాం. అమ్మ విషయంలో వినడు."

హరిలాల్ స్పెషాలిటీ గెయిట్ అనాలిసిస్, అంటే నడకను బట్టి మనిషిని గుర్తుపట్టడం. మొహాన్ని మేకప్ మారుస్తుంది. మడమ మోపే తీరు, పాదం ఒరిగే వైపు, బొటనవేలు నేలను తోసే ఊపు మాత్రం అంత తేలిగ్గా మారవు. వాటినీ దాచాలంటే కుంటాలి. ఆ కిటుకు కూడా కవితకు చెప్పిన ఘనుడు హరిలాలే!

మర్నాడు మిట్టమధ్యాహ్నం. భూపాలపల్లి జిల్లా అంతా ఎండ నిప్పులు చెరుగుతోంది. కాళేశ్వరం ఘాట్ దారిలో పరిచిన పీచు పట్టాల మీద ఒక పనివాడు ఉత్తికాళ్లతో నీళ్లు చల్లుతున్నాడు. అతనే హరిలాల్. గుండీలో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్.

"నో మ్యాచ్," అంటోంది నడకలు పోల్చే సాఫ్ట్‌వేర్. కర్ర పట్టుకుని కుంటే ముసలమ్మలు దారినిండా ఉన్నారు. సాకేత్ స్నానం ముగించి మెట్లెక్కుతున్నాడు. గుర్తుపడితే చెల్లెలు పోతుంది, పట్టకపోతే సాకేత్ పోతాడు. హరిలాల్‌కి ఏడుపొచ్చింది.

బకెట్ పడేసి, పట్టాను చరచరా చుట్టేశాడు.

"ఏందిరా గిది? కాళ్లు కాల్తున్నయ్! నీ చేతులిరగ!" అరిచింది ఒకామె.

ముసలమ్మలు కుంటుకుంటూనే నీడకు తొందరపడ్డారు. ఒక్కామెకు మాత్రం కుంటి కాలు తటాలున బాగైపోయింది. ఎడమ పాదం లోపలికి తిప్పి, మునివేళ్ల మీద సాకేత్ వైపు ఉరికింది. చిన్నప్పుడు చేను గట్ల మీద కవిత ఉరికిన ఉరుకే. ఆమె కర్ర చివర విషపు సూది, సాకేత్ పిక్కకు జానెడు దూరంలో ఉంది.

"హరిలాల్, రిపోర్ట్!" చెవిలో రమాకాంత్.

హరిలాల్ 'గంట' అనలేదు. కాలే బండల మీద ఉరికి, కర్రను ఒడిసిపట్టి విరిచాడు. సాకేత్ ఏమీ తెలియకుండానే గుడిలోకి వెళ్లిపోయాడు.

కవిత అతని పాదాల మీది బొబ్బలు చూసింది.

"భియా," అని తండా మాటలో అన్నను పిలిచింది. "ఎందుకు కాల్పియ్యలే?"

"నాతోని కాలే చెల్లె."

"జైల్ల నన్ను బతకనిస్తరా ఆ ముఠోళ్లు?"

బతకనివ్వరని అతనికి తెలుసు. అయినా బేడీలు వేశాడు.

సాయంత్రానికి ఎవరో ఆ బండకు పసుపు రాశారు. కుంటి ముసలమ్మ దాని మీద అడుగు పెట్టగానే కుంటు పోయి ఉరికిందట. పాదాలకు కట్లతో జీపెక్కలేక అవస్థ పడుతున్న హరిలాల్‌ను చూసి పూలమ్మే అవ్వ జాలిపడింది.

"జర గా బండ మీద నడువు నాయినా, నీ కాళ్లు మంచిగైతయ్."