తిప్పయ్యను అడిగింటే

చౌడేశ్వరి సగం వాకిలికి కల్లాపి చల్లి, రెండో చెంబు ముంచబోతూ ఆగింది. పక్కింటి వాకిలి ఎండిపోయి ఉంది.

హనుమంతమ్మవ్వ ఒంటిది, డెబ్బై ఏళ్లు దాటాయి. అయినా కోడి కూసేసరికి ఆమె వాకిలి తడవాల్సిందే. నీళ్లు మూడు రోజులకొకసారి వచ్చే ఊరైనా, కల్లాపికి దాచిన బిందె జోలికి ఎవరూ పోరు. వాకిలి తడిసిందంటే లోపలి మనిషి లేచినట్టు. పొద్దెక్కినా ఎండుగానే ఉందంటే జ్వరమో, అంతకన్నా పెద్దదో.

పిలిస్తే పలకలేదు. ముందు తలుపుకు లోపల గడియ వేసి ఉంది. చౌడేశ్వరి నాయన ఎర్రప్ప గడ్డపార తెచ్చి తలుపు పగలగొట్టాడు. లోపల ఎవరూ లేరు. పెరటి తలుపుకు బయట తాళం వేసి ఉన్న సంగతి అప్పుడు తెలిసింది.

మరునాడు అవ్వ గుత్తిలోని చెల్లెలింటి నుంచి వచ్చి, విరిగిన తలుపు ముందు నిలబడి వీధినంతా తిట్టింది. తనను బస్సెక్కించింది గొర్రెల తిప్పయ్యేనని, వాణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేదని చెప్పింది.

ఎదురింటి అరుగు మీద ఎవరో నవ్వారు.

నవ్వింది తిప్పేస్వామి, ఆ ఇంటి నాగప్పకు మేనల్లుడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కామెర్లు వస్తే పసరు మందు కోసం మామ ఇంటికి వచ్చి, మూడు వారాల పథ్యంలో ఉన్నాడు. కళ్లింకా పసుపుగానే ఉన్నాయి.

"ఉప్పులేని కూడు తింటా ఇంత నవ్వేమప్పా నీకి?" అంది చౌడేశ్వరి.

"మా సర్వర్లు గూడా ఇట్లే తలుపులు పగలగొడతాయి. అందుకు నవ్వినా."

పగలగొట్టినవాళ్లే బాగుచేయాలి కాబట్టి ఎర్రప్ప తలుపు బిగిస్తున్నాడు. చౌడేశ్వరి ఒకవైపు చెక్క పట్టుకుంది. తిప్పేస్వామి వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు. తన ఆఫీసులో అరవై పెద్ద కంప్యూటర్లు రైలు టికెట్లు ఇచ్చే పనిని పంచుకుంటాయని, ప్రతిదీ రెండు క్షణాలకొకసారి పక్కదానికి 'ఉన్నా' అని కబురు పెడుతుందని చెప్పాడు. కబురు రాకపోతే అది చచ్చిందనుకుని పక్కది దాని పని లాక్కుంటుంది. తీరా చూస్తే అది బతికే ఉంటుంది. రెండూ ఒకే పని చేసి ఒకే రైలు సీటు ఇద్దరికి ఇచ్చేస్తాయి. రెండేళ్లుగా తన తలనొప్పి అదేనన్నాడు.

చౌడేశ్వరి కాసేపు ఆలోచించింది.

"పగలగొట్టే ముందు తిప్పయ్యను అడగవా అవి?"

"ఏ తిప్పయ్య?"

"ఎవరో ఒక తిప్పయ్య. దీనికి వినపడకుంటే ఇంకొకదానికి వినపడింటాది గదా."

తిప్పేస్వామి చెక్క వదిలేశాడు. అది ఎర్రప్ప కాలి మీద పడింది. ఎర్రప్ప అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. తిప్పేస్వామికి అవి వినపడనూ లేదు. అతను చౌడేశ్వరి వైపే చూస్తున్నాడు. ఆమె చెక్క వైపు చూసింది.

ఆ ఏడు వాన లేదు. మబ్బులు వచ్చేవి, ఊరిని ఒకసారి చూసేవి, తమ ఊరు కాదన్నట్టు వెళ్లిపోయేవి. పథ్యం ముగిశాక తిప్పేస్వామి కూడా వెళ్లిపోయాడు.

కానీ ప్రతి ఆదివారం పదకొండింటికి వీధి చివర లక్ష్మన్న అంగడికి చౌడేశ్వరి కోసం అతని ఫోన్ వచ్చేది. మామ ఇంట్లో ఫోనున్నా, అక్కడికి చేసి ఎదురింటి పిల్లను పిలవమనడానికి అతనికి సిగ్గు. కబురు రాకపోతే ముందు మరో రెండింటిని అడిగే పద్ధతి రాశానని ఒక వారం చెప్పాడు. రెండు నెలలుగా ఒక్క తలుపూ విరగలేదని ఇంకో వారం. ఆఫీసువాళ్లు పేటెంటుకు పెట్టారని, అంటే ఇది ఫలానావాళ్లు కనిపెట్టారని చెప్పే కాగితమని మరో వారం.

"అయితే తిప్పయ్య వేలిముద్ర వేయల్లేమో," అంది చౌడేశ్వరి.

"ప్రోగ్రాంలో దాని పేరు తిప్పయ్యనే."

"అడిగింది నేను. పేరు వానిదా?"

అవతల గొంతు తగ్గింది.

"నీ పేరు పెడితే ఆఫీసులో అందరూ పిలుస్తారు. అది నాకిష్టం లేదు."

ఆ రోజు ఆమె ఉప్పు కొనడానికి వెళ్లి ఉప్పు లేకుండా ఇంటికి వచ్చింది.

తర్వాతి ఆదివారం ఫోన్ రాలేదు. ఆ పై వారమూ రాలేదు. చౌడేశ్వరి అంగడిలో వేరుశనగ మూట పక్కన నిలబడి, ఊరికే నిలబడిందనుకుంటారని ఒక అగ్గిపెట్టె కొనేది. లక్ష్మన్న తక్కెడ తుడుస్తూ తల ఎత్తేవాడు కాదు. తన మీద జాలి అనుకుంది. నాలుగు వారాలు గడిచాయి. మాట్లాడేందుకు తల్లి లేదు. నాయన తక్కువ మాటల మనిషి. ఇంట్లో రోజంతా గిన్నెల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ఎర్రప్ప చెప్పాడు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్ ఉన్న పిల్లవాడట. ఎల్లుండి బేస్తవారం చూడ్డానికి వస్తారట. మాట ఇచ్చేశాడు.



"పలకనోడు లేనోడే అనుకోవల్ల పాపా," అన్నాడు ఎర్రప్ప.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచినా ఆమె కదల్లేదు. తనకు వినపడలేదు, నిజమే. మరి ఇంకెవరికైనా వినపడిందేమో అడిగిందా?

పెళ్లి కావలసిన పిల్ల వీధి దాటి, ఒక పిల్లవాడి సంగతి వాళ్లింట్లోనే అడగడం ఆ ఊళ్లో లేదు. పన్నెండు అడుగుల వీధి. చౌడేశ్వరి దాటింది.

నాగప్ప ఆశ్చర్యపోయాడు.

"అదేమి పాపా, నీకి పెండ్లి కుదిరింది, ఇంక ఫోన్ చేయద్దని మావానికి లక్ష్మన్న చెప్పినాడంట గదా. పెండ్లెప్పుడు మామా అని వాడు నన్ను రెండుతూర్లు అడిగినాడు. నాకేం తెలుసు?"

"ఎప్పుడు చెప్పినాడంట?"

"నెలైతాంది."

నెల కింద ఈ సంబంధం పేరే లేదు. లక్ష్మన్న తనంతట తాను అలా చెప్పే మనిషి కాదు.

"ఈ ఆదివారం మీ ఇంటికే చేయమను మామా. నేనొచ్చి మాట్లాడతా."

ఇంటికి వచ్చేసరికి ఎర్రప్ప తాడు పేనుతున్నాడు.

"లక్ష్మన్నతో చెప్పిచ్చింది నువ్వేనా నాయనా?"

తాడు ఆగింది.

"నేనే. కరువేడు నేను బళ్లారికి పోయినప్పుడు మీ యమ్మ ఎనిమిది నెలలు బస్సు కాడ నిలబడింది. ఒక్క జాబు రాయలేదు నేను. పోయినోళ్లు ఎట్లుంటారో నాకు తెలుసు. నువ్వు గూడా అట్ల నిలబడొద్దని."

"నువ్వు తిరిగొచ్చినావు గదా. నడమ ఎవరన్నా అమ్మకు, ఎర్రప్ప ఆడ ఇంకొకదాన్ని చేసుకున్యాడని చెప్పింటే?"

ఆయన తాడు కింద పెట్టాడు.

"బేస్తవారం నేను వాళ్ల ముందర కూర్చోను నాయనా," అని ఆమె లోపలికి వెళ్లింది.

ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవాలంటే ఆ ఊళ్లలో ఫోన్లో చెప్పరు, మనిషితోనూ పంపరు. ఇచ్చినవాడే వెళ్లి, వాళ్ల గడప బయట నిలబడి, వాళ్లు అనేదంతా విని రావాలి. ఎర్రప్ప ఈ వయసు దాకా ఎవరిచేతా ఒక మాట పడలేదు.

మరునాడు బుధవారం. ఆమె రొట్టెలు కాలుస్తుంటే ఎర్రప్ప స్నానం చేసి, పెట్టెలోంచి తెల్ల పంచె తీసి కట్టుకున్నాడు. రాయదుర్గం పోవాలంటే ఏడింటి బస్సు అందుకోవాలి. చౌడేశ్వరి నాలుగు రొట్టెలు, వేరుశనగ పొడి గుడ్డలో కట్టి గడప పక్కన పెట్టింది. ఆయన మూట తీసుకున్నాడు, టవలు దులిపి భుజాన వేసుకున్నాడు, చెప్పులు తొడుక్కుని బస్సు ఆగే చోటికి నడిచాడు.